చిన్న విమానాల్లో ఇంధన ట్యాంకుల నిర్వహణ: తరచుగా అడిగే ప్రశ్నలు

సెస్నా, పైపర్, సిరస్, డైమండ్ వంటి ఒంటి ఇంజిన్ విమానాలు నడిపేవాళ్లకూ, వాటి మీద శిక్షణ తీసుకుంటున్నవాళ్లకూ ఈ పేజీ. కింద ఇచ్చిన అంకెలు ఆయా మోడళ్లకు మాత్రమే వర్తిస్తాయి. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. గ్యాలన్ అన్నచోటల్లా అమెరికన్ గ్యాలనే, అంటే 3.785 లీటర్లు.

ట్యాంకులో పెట్రోలు ఉండగా ఇంజిన్ ఆగిపోతుందా?

ఆగిపోతుంది. ఇంధనం వల్ల ఇంజిన్ ఆగడం రెండు రకాలు. మొదటిది, విమానంలో ఉన్నదంతా అయిపోవడం. రెండోది, ఒక ట్యాంకులో నిండుగా ఉన్నా అది ఇంజిన్‌కు చేరకపోవడం: సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే మీట) ఖాళీ ట్యాంకు మీద ఉండిపోవచ్చు, వెంట్ (ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం) పూడిపోవచ్చు, గొట్టంలో నీళ్లు చేరి ఉండవచ్చు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ 2011 నుంచి 2015 వరకు జరిగిన ప్రమాదాలను పరిశీలించింది. ఇంధన నిర్వహణ లోపాల వల్ల ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు జరిగాయి. వాటిలో 56 శాతం మొదటి రకం, 35 శాతం రెండో రకం. 95 శాతం కేసుల్లో పైలట్ పొరపాటు ఉంది, పరికరాల లోపం 5 శాతమే. ఆ పైలట్లలో దాదాపు సగం మంది కమర్షియల్ లేదా ఎయిర్‌లైన్ లైసెన్సు ఉన్నవాళ్లు. విద్యార్థులు 2 శాతమే. విద్యార్థి ప్రతిసారీ ట్యాంకు మూత తీసి చూస్తాడు. అనుభవం పెరిగేకొద్దీ "నిన్న నింపాంగా" అనే మాట వినపడటం మొదలవుతుంది.

హ్యాండ్‌బుక్‌లో 56 గ్యాలన్లు అని ఒకచోట, 53 అని మరోచోట ఉంది. ఏది లెక్క?

53. సెస్నా 172ఎస్‌లో రెండు ట్యాంకుల్లో కలిపి 56 గ్యాలన్లు పడతాయి కానీ ఇంజిన్‌కు ఖాయంగా అందేది 53, అంటే సుమారు 200 లీటర్లు. మిగిలిన 3 గ్యాలన్లు ట్యాంకు అడుగున, గొట్టపు మూతికి కింద ఉండిపోతాయి. పైపర్ ఆర్చర్‌లో 50కి 48, సెస్నా 152లో 26కి 24.5. పాత 172ఎన్‌లో మామూలు ట్యాంకులైతే 43కి 40 మాత్రమే. 172ఎస్‌కు అలవాటుపడి 172ఎన్ తీసుకున్నవాళ్లు దాదాపు 50 లీటర్ల తేడాను మరిచిపోతే గంటకు పైగా ఎగిరే ఇంధనాన్ని లేనిది ఉన్నట్టు లెక్కేసుకున్నట్టే.

గేజీని ఎంతవరకు నమ్మాలి?

అది చెడు కబురు చెబితే నమ్మండి. మంచి కబురు చెబితే మరో ఆధారం వెతకండి.

పాత విమానాల్లో ట్యాంకులో తేలే బెండు ఒక చిన్న చేతిని కదిలిస్తుంది, ఆ కదలికను బట్టి ముల్లు తిరుగుతుంది. ఆ చెయ్యి బిగుసుకుంటుంది, తీగ జాయింట్లలో తుప్పు పడుతుంది, మలుపులో పెట్రోలు ఒక పక్కకు వెళ్తే ముల్లు ఊగుతుంది. ట్యాంకు వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి అర అంగుళం తేడాకే ఎన్నో లీటర్లు మారిపోతాయి. అలాగని గేజీ "ఖాళీ" అంటుంటే "ఇది ఎప్పుడూ ఇంతే" అని కొట్టిపారేయకండి. మీ లెక్క ప్రకారం సగం ఉండాల్సిన చోట పావు చూపిస్తోందంటే కారుతుండవచ్చు, మూత వదులై ఉండవచ్చు. అనుమానం తీరేదాకా దగ్గరి ఎయిర్‌ఫీల్డ్ వైపు వెళ్లడమే మంచిది.

డిజిటల్ ఫ్యూయల్ టోటలైజర్ సంగతి వేరు. గొట్టంలో ప్రవాహాన్ని అది చాలా కచ్చితంగా కొలుస్తుంది. కానీ ట్యాంకులో ఎంత ఉందో దానికి తెలియదు, మీరు నొక్కిన అంకెలోంచి తీసివేస్తూ పోతుంది, అంతే. 150 లీటర్లు ఉండగా "ఫుల్" నొక్కితే అది దిగేదాకా 50 లీటర్లు ఎక్కువ చూపిస్తూనే ఉంటుంది.

డిప్ స్టిక్ (ట్యాంకులో ముంచి ఇంధనం కొలిచే గీతల పుల్ల) ఏదైనా పనికొస్తుందా?

పనికిరాదు. ట్యాంకు ఆకారం, రెక్క వాలు, నిలిపినప్పుడు ముక్కు ఎత్తు మోడల్‌ను బట్టి మారతాయి. కాబట్టి గీతలు ఆ మోడల్‌కు, వీలైతే ఆ విమానానికే గీసినవై ఉండాలి. మార్కెట్లో దొరికే గాజు గొట్టం కొన్నా, దాని మీది అంకెల్ని మీ విమానంతో సరిపోల్చుకోవాలి. అందుకు ట్యాంకులో వాడుకోదగ్గ ఇంధనం అయిపోయిన స్థితి నుంచి మొదలుపెట్టి, బంక్ మీటరు చూస్తూ 20 లీటర్ల చొప్పున పోయిస్తూ ప్రతిసారీ ముంచి, గీత గీయాలి. విమానం చదునైన చోట ఉండాలి, రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి.

పైపర్ ఆర్చర్, వారియర్ ట్యాంకుల్లో మూతకు కింద ఒక లోహపు పలక కనిపిస్తుంది. పెట్రోలు దాని అంచును తాకితే ఆ ట్యాంకులో 17 గ్యాలన్లు, సుమారు 64 లీటర్లు ఉన్నట్టు. నిండా నింపితే బరువు ఎక్కువవుతుందనుకున్నప్పుడు ఈ గుర్తు చాలా అక్కరకొస్తుంది.

ఒక ప్రయాణానికి ఎంత ఇంధనమో లెక్క ఎలా వేయాలి?

హైదరాబాద్ బేగంపేట నుంచి విజయవాడ గన్నవరానికి 172ఎస్‌లో వెళ్తున్నారనుకుందాం. దూరం దాదాపు 145 నాటికల్ మైళ్లు. ఎదురుగాలి తీసేశాక భూమి మీద వేగం 110 నాట్లు అనుకుంటే గంటా 19 నిమిషాలు. గంటకు 38 లీటర్ల చొప్పున 50 లీటర్లు. స్టార్టు, టాక్సీ, టేకాఫ్‌కు హ్యాండ్‌బుక్ ఇచ్చేది 1.4 గ్యాలన్లు, అంటే 5 లీటర్లకు కొంచెం ఎక్కువ. ఎత్తుకు ఎక్కడానికి అదనంగా మరో 5 వేసుకోండి. గన్నవరంలో దిగలేకపోతే రాజమహేంద్రవరం దాదాపు 68 మైళ్లు, దానికి 24 లీటర్లు. రిజర్వు, అంటే అనుకోని అవసరానికి ఉంచేది, ఒక గంటకు 38. మొత్తం 122 లీటర్లు.

200 లీటర్లుండగా 122 చాలు కదా అనిపిస్తుంది. కానీ గన్నవరంలో మీకు ఆవ్‌గ్యాస్ (పిస్టన్ ఇంజిన్ విమానాల పెట్రోలు, ఇక్కడ 100ఎల్ఎల్ రకం) దొరకదనుకోండి. పెద్ద విమానాశ్రయమైనంత మాత్రాన ఆవ్‌గ్యాస్ ఉంటుందని లేదు, చాలా చోట్ల జెట్ ఇంధనమే ఉంటుంది. తిరుగు ప్రయాణానికి ఇంకో 60 కలిపితే 182. చేతిలో మిగిలింది 18 లీటర్లు, అరగంట కూడా కాదు. బయల్దేరే ముందు రోజే గమ్యానికి ఫోన్ చేసి "100ఎల్ఎల్ ఉందా, ఏ వేళల్లో పోస్తారు, డబ్బు ఎలా కట్టాలి" అని అడగడం కూడా ఇంధన లెక్కలో భాగమే. మన దేశంలో ఆవ్‌గ్యాస్ చాలాకాలం దిగుమతి మీదే నడిచింది. ఇండియన్ ఆయిల్ వడోదరలోని గుజరాత్ రిఫైనరీలో తయారుచేసిన 100ఎల్ఎల్ 2022 సెప్టెంబరులో విడుదలైంది.

ఈ లెక్క మిక్స్చర్‌ను (గాలిలో కలిసే పెట్రోలు పాలును) సరిగ్గా లీన్ చేస్తేనే, అంటే తగ్గిస్తేనే, నిలుస్తుంది. హ్యాండ్‌బుక్ పట్టికల్లోని అంకెలు లీన్ చేశాక వచ్చేవి. నాబ్‌ను పూర్తిగా లోపలికి తోసి ఉంచి అదే అంకె ఆశిస్తే రిజర్వును మీకు తెలియకుండానే తాగేస్తారు.

బరువు కూడా చూడాలి. ఆవ్‌గ్యాస్ లీటరుకు 0.72 కిలోలు. 200 లీటర్లంటే 144 కిలోలు. 172ఎస్‌లో సీట్లు నాలుగున్నా నలుగురు పెద్దవాళ్లు, సామాను, నిండు ట్యాంకులు మామూలుగా కుదరవు. మనిషినో, సామాన్లనో దింపండి. లేదా ఇంధనం తగ్గించి దారిలో ఆగండి. రిజర్వు మాత్రం తగ్గించకండి.

రిజర్వు ఎంత ఉంచాలి?

చూపు నియమాల్లో, అంటే వీఎఫ్ఆర్‌లో, అంతర్జాతీయంగా చిన్న విమానాలకు కనీసం పగలు 30 నిమిషాలు, రాత్రి 45 నిమిషాలు. అమెరికా నిబంధనలూ అంతే. మా సలహా పగలైనా రాత్రైనా ఒక గంట. అరగంట రిజర్వంటే 172లో 19 లీటర్లు, అదీ రెండు ట్యాంకుల్లో పంచుకుని. ట్యాంకుకు తొమ్మిదిన్నర లీటర్లు గేజీలో సరిగ్గా కనిపించవు, డిప్ స్టిక్‌కు అందవు.

సెస్నా సెలెక్టర్‌లో "బోత్" (రెండు ట్యాంకులూ) ఉంది, పైపర్‌లో ఎందుకు లేదు?

సెస్నా రెక్కలు పైన ఉంటాయి కాబట్టి పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగుతుంది. రెండు ట్యాంకులూ తెరిచి ఉంచి ఒకటి ఖాళీ అయినా, రెండోదాని నుంచి వస్తూనే ఉంటుంది. పైపర్‌లో రెక్కలు ఇంజిన్ కంటే కింద ఉంటాయి, పంపు పెట్రోలును పైకి లాగాలి. రెండూ తెరిచి ఉండగా ఒకటి ఖాళీ అయితే పంపు అందులోంచి గాలిని లాగుతుంది. గాలి లాగడం తేలిక కనుక రెండో ట్యాంకు నిండుగా ఉన్నా పెట్రోలు రాదు. అందుకే ఎడమ, కుడి, ఆఫ్ మాత్రమే. ట్యాంకులు మార్చే బాధ్యత మొత్తం పైలట్‌దే.

పైపర్‌లో సెలెక్టర్ ఎడమ గోడకు, పైలట్ ఎడమ మోకాలి దగ్గర ఉంటుంది. కుడి సీట్లోని ఇన్‌స్ట్రక్టర్‌కు అది సులువుగా అందదు. విద్యార్థి మార్చాడో లేదో ఇన్‌స్ట్రక్టర్ నోటితో చెప్పించుకోవాలి.

ట్యాంకు మార్చే సరైన పద్ధతి ఏమిటి?

ఆర్చర్ వంటి కింది రెక్కల విమానాల్లో:

1. ఎత్తు, చోటు చూసుకోండి. ఇంజిన్ ఆగినా జారుకుంటూ వెళ్లి దిగగలిగే స్థలం అందుబాటులో ఉండాలి. సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ తిరిగేటప్పుడు), టేకాఫ్ అయిన వెంటనే మార్చకండి.
2. ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు ఆన్.
3. మార్చబోయే ట్యాంకులో ఎంత ఉందో గేజీ, రాసుకున్న లెక్క రెండూ చూడండి.
4. సెలెక్టర్‌ను కళ్లతో చూస్తూ తిప్పండి. గాడిలో పడినట్టు చేతికి తెలియాలి. రెండు గుర్తుల మధ్య ఆగితే ప్రవాహం తగ్గిపోతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది.
5. చెయ్యి తీయకుండా ఫ్యూయల్ ప్రెషర్ చూడండి. స్థిరంగా ఉంటే కాసేపాగి పంపు ఆఫ్ చేసి, ప్రెషర్ నిలిచిందో లేదో మళ్లీ చూడండి.
6. సమయం రాయండి: "10:35 కుడి".

ఆర్చర్ హ్యాండ్‌బుక్ గంటకొకసారి మార్చమంటుంది. అరగంటకొకసారి మార్చేవాళ్లూ ఉన్నారు, విమానం ఒక పక్కకు తక్కువ ఒరుగుతుంది. ఏది పాటించినా అలారం పెట్టుకోండి, కాగితం మీద రాయండి.

టేకాఫ్‌కు ఎక్కువ ఉన్న ట్యాంకునే పెట్టాలి, కానీ రన్‌వే అంచున నిలబడి మార్చకూడదు. కొత్త ట్యాంకు దారి మూసుకుపోయి ఉన్నా గొట్టాల్లో, కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ కాసేపు చక్కగా నడుస్తుంది. ఆ కాసేపు రెండు వందల అడుగుల ఎత్తులో ముగుస్తుంది. అందుకే రన్అప్‌కు (టేకాఫ్‌కు ముందు ఇంజిన్ వేగం పెంచి చేసే పరీక్షకు) ముందే మార్చి, అదే ట్యాంకు మీద రన్అప్ చేసి, అదే ట్యాంకుతో ఎగరాలి.

సెలెక్టర్ ఎక్కడుందో తెలియడం అంత ముఖ్యమా?

1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలోని మాంటెరే బేలో కూలి చనిపోయారు. ఆయన కొత్తగా కొన్న లాంగ్-ఈజెడ్ (ఔత్సాహికులు సొంతంగా కట్టుకునే రకం) విమానంలో, దాన్ని కట్టినవారు సెలెక్టర్‌ను నమూనాలో చెప్పినట్టు ముందు కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక బిగించారు. దాని మీద గుర్తులు లేవు. సెలెక్టర్‌ను అందుకోవాలంటే కుడి పక్కనున్న కంట్రోలు స్టిక్ మీంచి చెయ్యి తీసి ఒళ్లంతా వెనక్కి తిరగాలి. అలా తిరిగేటప్పుడు కుడి కాలు రడ్డర్ పెడల్‌ను తన్నేస్తుంది. బయల్దేరే ముందు ఇంధనం నింపకపోవడాన్నీ ఎన్‌టీఎస్‌బీ కారణాల్లో చేర్చింది. కొత్త విమానం ఎక్కిన ప్రతిసారీ నేల మీదే కూర్చుని, బెల్టు బిగించుకుని, సెలెక్టర్‌ను అన్ని స్థానాలకూ తిప్పి చూడండి.

గాల్లో ఇంజిన్ తడబడితే మొదట ఏం చేయాలి?

ముందు ముక్కు దించి గ్లైడ్ వేగం పట్టుకోండి: 172ఎస్‌కు 68 నాట్లు, ఆర్చర్‌కు 76. తర్వాత పైపర్‌లో ఇంధనం ఉన్న రెండో ట్యాంకుకు సెలెక్టర్, పంపు ఆన్, మిక్స్చర్ రిచ్, కార్బ్యురేటర్ హీట్ ఆన్. 172ఎస్‌లో షటాఫ్ నాబ్ పూర్తిగా లోపలికి, సెలెక్టర్ బోత్, ఆక్సిలరీ పంపు ఆన్, మిక్స్చర్ రిచ్. ఖాళీ గొట్టం నిండి ఇంజిన్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యానికి కంగారుపడి సెలెక్టర్‌ను మళ్లీ పాత ట్యాంకుకు తిప్పేస్తే చేసిన పని వృథా.

ఈ కారణంతోనే "ట్యాంకు పూర్తిగా తాగేశాక మారుద్దాం" అనే అలవాటును మేం సమర్థించం. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లలో గొట్టాల్లో గాలి చేరితే తిరిగి అందుకోవడం మరింత ఆలస్యమవుతుంది.

బోత్‌లో పెట్టినా ఒక ట్యాంకే తగ్గుతోంది. చెడిపోయిందా?

కొంత తేడా సెస్నాల్లో మామూలే. వెంట్ గొట్టం ఎడమ రెక్క కింద స్ట్రట్ (రెక్కను మోసే కడ్డీ) వెనక ఉంటుంది. అది నిలవాల్సిన కోణం కొంచెం మారినా ట్యాంకులోని గాలి ఒత్తిడి మారి ఒకటి త్వరగా తగ్గుతుంది. రెక్క ఒరిగించి, టర్న్ పరికరంలోని బంతి మధ్యలో లేకుండా ఎగిరినా అంతే. తేడా మరీ పెరిగితే సురక్షిత ఎత్తులో కాసేపు ఎక్కువ ఉన్న ట్యాంకు మీద పెట్టి, టైమర్ పెట్టుకుని, దిగే ముందు మళ్లీ బోత్‌కు తేవాలి.

ట్యాంకు పావు వంతు లేదా అంతకంటే తక్కువ ఉండి సెలెక్టర్ ఎడమ లేదా కుడి మీద ఉంటే, స్లిప్ గానీ స్కిడ్ గానీ (విమానం పక్కకు జారుతూ ఎగరడం) 30 సెకన్లకు మించి వద్దని 172 హ్యాండ్‌బుక్ హెచ్చరిక. పెట్రోలు ఒక పక్కకు ఒరిగి గొట్టపు మూతి గాల్లో తేలుతుంది.

సిరస్ ఎస్ఆర్22లో రెండు ట్యాంకుల మధ్య 10 గ్యాలన్లకు మించి తేడా రానివ్వకూడదు. పాత బొనాంజాల్లో ఇంజిన్ వాడగా మిగిలిన ఇంధనం ఎడమ ట్యాంకుకే తిరిగొస్తుంది. మొదట ఎడమది కొంత వాడి చోటు చేయకుండా కుడి ట్యాంకు మీద నడిపితే ఆ మిగులు వెంట్ ద్వారా బయటికి పోతుంది.

నీళ్లు ఎలా చేరతాయి, ఎలా కనిపెట్టాలి?

మూత రబ్బరు ఎండిపోయి వానకు కారడం పెద్ద కారణం. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి తేమ చల్లబడి చుక్కలవడం రెండోది, తీరప్రాంతంలో ఇది ఎక్కువ. అందుకే బరువు ఇబ్బంది లేకపోతే సాయంత్రం దిగగానే నింపేయడం మేలు.

నీరు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. కొత్తగా నింపాక కనీసం పావుగంట ఆగి, విమానాన్ని కదిలించకముందే డ్రెయిన్ చేయండి, అంటే అడుగు కవాటం నుంచి కొంచెం కప్పులోకి తీయండి. 172ఎస్‌లో డ్రెయిన్లు 13: రెక్కకు ఐదేసి, ముక్కు కింద మూడు. ఒక్కటీ వదలొద్దు. కప్పును తెల్లటి దాని ముందు పట్టి చూడండి, ఆకాశం ముందు కాదు, ఆకాశపు నీలం పెట్రోలు రంగులా కనిపించి మోసం చేస్తుంది. 100ఎల్ఎల్ లేత నీలం. కప్పు అడుగున గుండ్రని బుడగలా కనిపిస్తే అది నీరు. కప్పంతా ఒకే తీరుగా, రంగు లేకుండా ఉంటే సంతోషపడకండి, కప్పంతా నీళ్లే కావచ్చు. వాసన చూడండి. నాలుగు చుక్కల నీళ్లు వేసి అవి అడుగుకు దిగుతాయా, కలిసిపోతాయా గమనించండి.

పాత సెస్నా 182 వంటివాటిలో రబ్బరు సంచి ట్యాంకులు ఉంటాయి. సంచి అడుగున ముడతలు పడితే వాటి వెనక నీళ్లు డ్రెయిన్‌కు రాకుండా నిలుస్తాయి, గాల్లో ముక్కు కదిలినప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి. అలాంటివాటిలో తోకను కిందికి నొక్కి, రెక్కలను ఊపి, మళ్లీ డ్రెయిన్ చేయాలి.

తప్పు ఇంధనం పోసేశారేమోనని అనుమానం. ఎలా తేల్చుకోవాలి?

ఆవ్‌గ్యాస్ గుర్తు ఎర్ర లేబుల్, జెట్ ఇంధనానిది నల్ల లేబుల్. జెట్ నాజిల్ మూతి వెడల్పుగా ఉంటుంది, ఆవ్‌గ్యాస్ ట్యాంకు రంధ్రం 60 మిల్లీమీటర్లకు మించదు కాబట్టి మామూలుగా పట్టదు. కానీ కొన్ని హెలికాప్టర్ల కోసం ట్యాంకర్‌కు సన్న నాజిల్ బిగిస్తారు, పాత విమానాల రంధ్రాలు పెద్దవి. డైమండ్ డీఏ40లో మరో చిక్కు: లైకమింగ్ ఇంజిన్ మోడల్‌కు ఆవ్‌గ్యాస్, ఎన్‌జీ మోడల్‌కు జెట్ ఏ-1, బయటి నుంచి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. పోసేటప్పుడు పక్కన నిలబడండి, రసీదు చదవండి.

తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేయండి. ఆవ్‌గ్యాస్ ఆరి మాయమవుతుంది. జెట్ కలిసి ఉంటే నూనె మరక మిగులుతుంది. కలిసినట్టు తేలితే స్టార్టే చేయొద్దు. గొట్టాల్లో మిగిలిన మంచి పెట్రోలుతో టాక్సీ బాగానే సాగి, టేకాఫ్ తర్వాత ఇంజిన్ లోపల డిటోనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటం) మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి. అప్పటికే నడిపి ఉంటే ట్యాంకులు ఖాళీ చేస్తే సరిపోదు, ఇంజినీరు ఇంజిన్‌ను పరిశీలించాలి.

బంకు పెట్రోలు పోయొచ్చా?

విమానానికి ఆమోదం లేకపోతే పోయకూడదు. ఆమోదం ఉన్న సెస్నా, పైపర్ మోడళ్లకూ ఇథనాల్ కలవని పెట్రోలుకే అనుమతి. రోటాక్స్ 912 ఇంజిన్ తయారీదారు 10 శాతం ఇథనాల్ వరకు ఒప్పుకుంటారు. మన బంకుల్లో ఇప్పుడు సాధారణంగా దొరికేది 20 శాతం కలిపినది. ఇథనాల్ రబ్బరు సీళ్లను, సంచులను పాడుచేస్తుంది, నీటిని తనలో దాచుకుని చల్లబడినప్పుడు వదిలేస్తుంది.

పరీక్ష సులభం. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి బాగా కుదిపి, ఐదు నిమిషాలు నిలబెట్టండి. అడుగు పొర 10 గీత దాటి పెరిగితే ఇథనాల్ ఉన్నట్టే.

ఎండాకాలంలో ఏం మారుతుంది?

పెట్రోలు వ్యాకోచిస్తుంది. ఉదయం 25 డిగ్రీల్లో అంచుదాకా నింపిన 200 లీటర్లు మధ్యాహ్నం 42 డిగ్రీలకు మూడు లీటర్లకు పైగా పెరిగి వెంట్ ద్వారా కారతాయి. వాలు నేల మీద బోత్‌లో ఉంచి నిలిపితే పైట్యాంకు నుంచి కిందిదానికి దిగి మరింత పోతుంది. నిలిపినప్పుడూ, నింపేటప్పుడూ సెలెక్టర్ ఎడమ లేదా కుడికి పెట్టండి, బయల్దేరేటప్పుడు మార్చడం చెక్‌లిస్టులో ఉండాలి. వేడి ఇంజిన్‌ను ఆపి పావుగంటలో మళ్లీ స్టార్టు చేస్తే గొట్టాల్లో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. హాట్ స్టార్ట్ పద్ధతి పాటించి, ప్రెషర్ నిలిచాకే కదలండి.

మూత సరిగ్గా పడకపోతే?

రెక్క పైభాగంలో ఒత్తిడి తక్కువ కాబట్టి వదులు మూత నుంచి పెట్రోలు పైకి పీల్చుకుపోతుంది. రబ్బరు సంచి ట్యాంకుల్లో సంచి అడుగు కూడా పైకి లేచి, తేలే బెండును ఎత్తేస్తుంది. అప్పుడు ఖాళీ అవుతున్న ట్యాంకు గేజీలో నిండుగా కనిపిస్తుంది. రెక్క వెనక అంచున తడి చార కనబడితే వెంటనే దిగండి. ప్రీఫ్లైట్‌లో ఆరిన నీలం మరకలు రెక్క మొదట్లోనో, మూత చుట్టూనో కనిపిస్తే కారుతున్నట్టు. వెంట్ గొట్టంలోకి టార్చి వేసి చూడండి, కందిరీగలు మట్టితో గూడు కట్టడానికి రెండు రోజులు చాలు.

ఇంధనం తగ్గుతోంది, ఏటీసీకి (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రానికి) ఏమని చెప్పాలి?

ఇక మరో ఎయిర్‌ఫీల్డ్‌కు మళ్లలేని స్థితి, ఆలస్యమైతే రిజర్వులో చెయ్యి పెట్టాల్సి వస్తుందనుకుంటే "మినిమమ్ ఫ్యూయల్" అనండి. ఇది ఎమర్జెన్సీ కాదు, మీకు ప్రాధాన్యం రాకపోవచ్చు. దిగేసరికి చివరి రిజర్వు కంటే తక్కువ మిగులుతుందని లెక్క తేలితే "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్" అనాలి. "కొంచెం తక్కువగా ఉంది" వంటి మాటలకు కంట్రోలర్ దగ్గర ఏ అర్థమూ లేదు. పెట్రోలు, పవర్ ఉండగా పొలంలో దిగడం, రెండూ లేకుండా దిగడం కంటే ఎంతో నయం. ఆ నిర్ణయం ఇంజిన్ నడుస్తుండగానే తీసుకోండి.